కార్మిక బంధువు వరాహగిరి

మన యూనివర్సిటీ హాస్టళ్లలో ఏ గది తలుపు తట్టినా ఒక పోటీ పరీక్షల పుస్తకం కనిపిస్తుంది. లా విద్యార్థులమైన మేమూ అందుకు మినహాయింపు కాదు. ఒకరు మేజిస్ట్రేటు పరీక్షకు, ఒకరు ప్రాసిక్యూటరు ఉద్యోగానికి, మరొకరు లేబర్ డిపార్టుమెంటులో ఆఫీసరు పోస్టుకు చదువుతుంటారు. నన్నడిగితే కార్మిక చట్టాల్లో ప్రభుత్వ న్యాయవాదిని కావాలని చెబుతాను. ఆ మాట వినగానే మిత్రులు రెండు ప్రశ్నలు వేస్తారు. దానికి అర్హత ఏమిటన్నది మొదటిది. కార్మికుల ఇళ్ల మధ్య పుట్టి పెరిగినవాడివి, రేపు సర్కారు తరఫున ఆ కార్మికుల మీదనే ఎట్లా వాదిస్తావన్నది రెండవది.

మొదటి ప్రశ్నకు జవాబు సులువు. లా డిగ్రీ ఉండాలి. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. ఇప్పుడైతే దానికి తోడు అఖిల భారత బార్ పరీక్ష కూడా గట్టెక్కాలి. ఆపైన కోర్టు మెట్లెక్కి దిగిన కొన్నేళ్ల అనుభవం కావాలి. గవర్నమెంటు ప్లీడరు పదవి రాతపరీక్ష రాసి తెచ్చుకునేది కాదు. ప్రాక్టీసులో ఉన్న న్యాయవాదుల్లోంచి ప్రభుత్వమే ఎంపిక చేసుకుంటుంది. ఇదంతా కాగితం మీది అర్హత.

రెండవ ప్రశ్నకు జవాబు పాఠ్యపుస్తకాల్లో దొరకలేదు. ఒక మనిషి జీవితంలో దొరికింది. న్యాయశాస్త్రం చదివి, కార్మిక సంఘాలు నడిపి, జైలుకు పోయి, కార్మిక మంత్రియై, చివరకు దేశానికి నాల్గవ రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి జీవితం అది. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఆయన పేరు రెండు పంక్తుల్లో ముగుస్తుంది. లా విద్యార్థులకు, ముఖ్యంగా కార్మిక వాడల నుంచి వచ్చినవారికి, అది చాలదు. అందుకే ఈ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

అంతకుముందు మా ప్రాంతం సంగతి కొంచెం చెప్పాలి. యూనివర్సిటీ దగ్గర తార్నాక దాటి హబ్సిగూడ చౌరస్తాకు వస్తే ఎడమకు నాచారం, నేరుగా ఉప్పల్. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామిక వాడల పక్కన బస్తీల్లో, కాలనీల్లో ఉండేవాళ్ల లెక్క షిఫ్టుల మీద నడుస్తుంది. మా ఇంట్లో నేను చూసిన మొట్టమొదటి న్యాయ పత్రం ఈఎస్ఐ కార్డు. జ్వరమొస్తే నాచారం ఈఎస్ఐ ఆస్పత్రికి పోయేవాళ్లం. ఆ కార్డు వెనుక 1948 నాటి ఒక చట్టం ఉందని అప్పుడు నాకు తెలియదు. మా నాయిన ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. షిఫ్టు మార్పిడి మీద సూపర్‌వైజరుతో మాటామాటా పెరిగి ఆయన్ని పనిలోంచి తీసేశారు. రాజీ అధికారి ముందు మొదలైన ఆ తగాదా కోర్టుకు చేరి ఏళ్ల తరబడి సాగింది. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలతో పాటు వాయిదా అనే మాట కూడా వచ్చేసింది. నేను లా చదవడానికి కారణం అదే. గిరిగారి జీవితం మీద ఆసక్తి కలగడానికీ అదే కారణం.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. బరంపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది గానీ ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. వకీలు కొడుకు వకీలు కావడంలో వింత లేదు. కానీ ఆ రోజుల్లో బారిస్టరు చదువుకు అందరూ లండను దారి పడితే, గిరిగారు 1913లో ఐర్లండు రాజధాని డబ్లిన్ వెళ్లారు. అక్కడి యూనివర్సిటీ కాలేజీలోనూ, కింగ్స్ ఇన్స్ అనే న్యాయ విద్యాసంస్థలోనూ చేరారు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే.

ఆయన వెళ్లిన ఏడాదే డబ్లిన్‌లో ఒక పెద్ద లాకౌట్ జరిగింది. యూనియన్‌లో ఉండబోమని సంతకం పెడితేనే పని ఇస్తామని యజమానులు పట్టుబట్టారు. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి పనికి, కూలికి దూరమయ్యారు. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కనోలీ ఆ పోరాటానికి నాయకులు. పందొమ్మిదేళ్ల కుర్రవాడు తరగతిలో కాంట్రాక్టు చట్టం చదువుతూ, బయట వీధిలో ఆ కాంట్రాక్టు మనుషుల్ని ఏం చేస్తుందో చూశాడన్నమాట. 1914 తొలి నెలల్లో కార్మికులు ఓడిపోయి తిరిగి పనుల్లో చేరారు. 1916 ఏప్రిల్‌లో ఐరిష్ తిరుగుబాటు లేచింది. బ్రిటిష్ ప్రభుత్వం ఉరికంబం బదులు తుపాకులకు పనిచెప్పి నాయకుల్ని కాల్చిచంపింది. వారిలో కనోలీ ఉన్నాడు. యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన థామస్ మెక్‌డొనా కూడా ఉన్నాడు. విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానం మీద గిరిగారిని జూలై 1 లోగా దేశం విడిచిపొమ్మన్నారు. ఆ జూన్ నెలలోనే ఆయన బారిస్టరుగా నమోదయ్యారు. అర్హత పత్రమూ, బహిష్కరణ ఉత్తర్వూ దాదాపు ఒకేసారి చేతికొచ్చిన న్యాయవాదులు ఎందరుంటారు?

స్వదేశం వచ్చి ప్రాక్టీసు పెట్టారు. ఆర్జన బాగుండే అవకాశం ఉంది. తండ్రి పేరుంది, విదేశీ పట్టా ఉంది. అయినా 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇచ్చినప్పుడు వకీలు వృత్తి వదిలేశారు. 1922లో కల్లు, సారా దుకాణాలకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళనలో అరెస్టయ్యారు.

ఆ తర్వాత ఆయన దృష్టి రైల్వే కార్మికుల మీదికి మళ్లింది. బెంగాల్ నాగపూర్ రైల్వే అంటే మన ఉత్తరాంధ్రవాళ్లకు పరాయిది కాదు. కలకత్తా నుంచి వాల్తేరు దాకా ఆ కంపెనీ బండ్లే నడిచేవి, బరంపురం ఆ దారిలోదే. ఆ రైల్వే కార్మికులకు గిరిగారు సంఘం పెట్టారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఒకరై, దానికి పదేళ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1928లో పనిలోంచి తొలగించిన కార్మికుల కోసం బెంగాల్ నాగపూర్ రైల్వేలో శాంతియుతంగా సమ్మె నడిపి, కంపెనీ చేత, ప్రభుత్వం చేత కోరికలు ఒప్పించారు.

ఇక్కడ లా విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటుంది. యూనియన్ పెట్టడం నేరం కాదని చెప్పే చట్టం ఆనాడు చాలాకాలం లేనే లేదు. మద్రాసులో బిన్నీ మిల్లు సమ్మె సమయంలో యూనియన్ నాయకుడు బి.పి. వాడియా మీద కంపెనీ దావా వేస్తే, హైకోర్టు కార్మికుల తరఫున ఆయన పనిచేయకుండా ఇంజంక్షన్ ఇచ్చింది. కాంట్రాక్టు భంగానికి ప్రేరేపించాడన్నది అభియోగం. ఆ దెబ్బతో చట్టం కావాలన్న పోరు మొదలై, చివరకు 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే గిరిగారు అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1942లో మళ్లీ ఆ స్థానం అలంకరించారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశానికి, 1931లో లండనులో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. కోర్టులో ఒక కక్షిదారు తరఫున నిలబడే వృత్తిని వదులుకున్న మనిషి, లక్షల మంది తరఫున నిలబడే వకీలు అయ్యాడు.

1937 ఎన్నికలు ఆయన ప్రతిష్ఠను ఊరూరా చాటాయి. బొబ్బిలిలో ఆయన ప్రత్యర్థి సాక్షాత్తూ బొబ్బిలి రాజావారు. జస్టిస్ పార్టీ నాయకుడు, అప్పటికి పదవిలో ఉన్న మద్రాసు రాజధాని ప్రధానమంత్రి. రాజా వారి కోట ఊళ్లోనే రాజావారిని ఓడించడం సామాన్యమా! రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు గిరిగారికి దక్కాయి. 1939లో యుద్ధం వచ్చి కాంగ్రెసు మంత్రులంతా రాజీనామా చేశారు. క్విట్ ఇండియా ఉద్యమంలో మళ్లీ జైలు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మళ్లీ కార్మిక శాఖ. స్వాతంత్ర్యం వచ్చాక 1951 వరకు సిలోనులో భారత హైకమిషనరు. అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే భారతీయ సంతతి కూలీల పౌరసత్వం 1948 చట్టంతో ప్రశ్నార్థకమైన రోజులవి. అక్కడికి పోయినా ఆయనకు ఎదురైంది కార్మిక సమస్యే.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూగారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. నా రెండవ ప్రశ్నకు జవాబు ఈ రెండేళ్ల చరిత్రలోనే ఉంది. కనుక కొంచెం వివరంగా చెబుతాను.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పద్ధతి ఇది. యాజమాన్యానికి, కార్మికులకు తగాదా వస్తే మొదట రాజీ అధికారి ఇద్దరినీ కూర్చోబెడతాడు. కుదరకపోతే ప్రభుత్వం ఆ తగాదాను ట్రిబ్యునల్‌కు పంపుతుంది. ట్రిబ్యునల్ తీర్పు ఇద్దరూ శిరసావహించాలి. ఇది కార్మికులకు మేలే గదా అనుకుంటాం. గిరిగారు అట్లా అనుకోలేదు. తీర్పు మీద ఆధారపడ్డ యూనియన్‌కు బలం రాదని, ఇరుపక్షాలూ కోర్టులో శత్రువుల్లా నిలబడి తిరిగి ఒకే షెడ్డులో పనిచేయలేవని ఆయన వాదం. బేరసారాలే అసలు మార్గం. అవి విఫలమైతే బలవంతపు తీర్పు కాదు, రాజీ అధికారుల సాయంతో మళ్లీ బేరసారాలే జరగాలి. దీనికే గిరి పద్ధతి అని పేరొచ్చింది. బారిస్టరు చదివిన మనిషి కార్మికుణ్ణి కోర్టు మెట్లెక్కించవద్దని చెప్పడం విచిత్రంగా తోచవచ్చు. మా ఇంట్లో వాయిదాలు లెక్కపెట్టిన నాకు మాత్రం విచిత్రమనిపించలేదు. ఆ చట్టం 36వ సెక్షన్ కూడా రాజీ చర్చల్లోకి వకీళ్లను రానివ్వలేదు. ట్రిబ్యునల్ ముందైనా అవతలి పక్షం ఒప్పుకుని, ట్రిబ్యునల్ అనుమతిస్తేనే వకీలు నిలబడాలి. మా వృత్తి మీద మాకే వినయం నేర్పే సెక్షన్ అది.

అయితే ఆనాటి ప్రభుత్వంలో ఆ పద్ధతికి మద్దతు దొరకలేదు. తప్పనిసరి తీర్పుల విధానమే నిలిచింది. ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల వివాదం వచ్చింది. అది ట్రిబ్యునల్ దాటి లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు పోయింది. 1954లో ఆ పై ట్రిబ్యునల్ నిర్ణయం వెలువడింది. బ్యాంకులు మోయలేవంటూ కేంద్ర ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది.

ఒక్కసారి ఆలోచించండి. తీర్పులు వద్దన్నది గిరిగారు. తీర్పులే కావాలన్నది ప్రభుత్వం. తీరా తీర్పు ఇష్టం లేకుండా వచ్చేసరికి దాన్ని మార్చిందీ ప్రభుత్వమే. తనకు నచ్చని విధానమైనా, ఇరుపక్షాలూ నమ్మి ఎక్కిన గడప అది. దాని మాట చెల్లకపోతే రేపు ఏ కార్మికుడు ఏ కోర్టును నమ్ముతాడు? గిరిగారు మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం ఒక కమిషను వేయవలసి వచ్చింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ 1955లో నివేదిక ఇవ్వగా, అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసి, కొద్ది మార్పులతో అప్పిలేట్ ట్రిబ్యునల్ నిర్ణయానికి ప్రాణం పోసింది.

కోర్టు పక్షిగా కూడా గిరిగారి అనుభవం తక్కువది కాదు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఆయన ఓడిపోయారు. ఒక స్థానం గిరిజనులకు కేటాయించినది, రెండవది జనరల్. జనరల్ స్థానం కూడా గిరిజన అభ్యర్థి అయిన డిప్పల సూరిదొరకే దక్కింది. కేటాయించిన స్థానానికి నిలబడ్డవారు జనరల్ స్థానం ఎట్లా గెలుస్తారని గిరిగారు సుప్రీంకోర్టు దాకా పోయారు. 1959లో కోర్టు మెజారిటీ తీర్పుతో ఆయన వాదన తోసిపుచ్చింది. కేటాయింపు అన్నది కనీస హామీ గాని గరిష్ఠ హద్దు కాదని ఆ తీర్పు సారాంశం. నా దృష్టిలో తీర్పే సరైనది. గిరిగారి పేరుమీద ఉన్న ఆ కేసు గిరిజనుల హక్కును నిలబెట్టిందంటే, ఓడిపోయి కూడా ఆయన న్యాయశాస్త్రానికి ఒక మేలు చేసినట్టే.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మేలో జాకిర్ హుసేన్‌గారు మరణించగా తాత్కాలిక రాష్ట్రపతి. ఆ హోదాలో జూలై 19న 14 పెద్ద బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మరునాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా పోటీకి దిగారు. ప్రత్యర్థి మరో తెలుగు నాయకుడు నీలం సంజీవరెడ్డిగారు. ద్వితీయ ప్రాధాన్య ఓట్లతో గట్టెక్కి ఆగస్టు 24న ప్రమాణం చేశారు. ఆ ఎన్నిక మీద వేసిన కేసులో 1970లో రాష్ట్రపతిగా ఉండి కూడా సాక్షిగా సుప్రీంకోర్టు ముందుకొచ్చారు. హోదా అడ్డుపెట్టుకోకుండా బోనులో నిలబడ్డ ఆ సంగతి నాకు ఆయన పదవులన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. ఎన్నిక చెల్లుతుందని కోర్టు తేల్చింది.

ఆయన రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే మూడు ముఖ్యమైన కార్మిక శాసనాలు వచ్చాయి. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1971లో వివాదాల చట్టంలో చేరిన 11ఏ సెక్షన్, 1972లో గ్రాట్యుటీ చట్టం. డిస్మిస్ చేసిన కార్మికుడి శిక్ష మరీ ఎక్కువనిపిస్తే దాన్ని తగ్గించే, తిరిగి పనిలోకి తీసుకొమ్మనే అధికారం లేబర్ కోర్టుకు ఇచ్చింది ఆ 11ఏ సెక్షనే. మా నాయిన తిరిగి పనిలోకి వెళ్లింది దాని పుణ్యానే. ఈ శాసనాలు చేసింది పార్లమెంటు, నిజమే. వాటికి ఆమోదముద్ర వేసింది మాత్రం ఒకప్పటి రైల్వే కార్మికుల నాయకుడు.

నాణేనికి రెండో వైపు కూడా చెప్పుకోవాలి. 1974 మేలో దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మె చేశారు. దాన్ని నడిపిన జార్జి ఫెర్నాండెజ్, గిరిగారు స్థాపించిన ఆ రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కే అధ్యక్షుడు. ప్రభుత్వం వేలాదిమందిని జైళ్లలో పెట్టి మూడు వారాల్లో సమ్మెను అణచివేసింది. ఆ సమయంలో రాష్ట్రపతి భవనంలో ఉన్నది గిరిగారే. మంత్రివర్గం సలహా మేరకు నడవడం రాజ్యాంగ ధర్మం, కాదనలేం. కానీ 1954లో రాజీనామా చేసిన మనిషి 1974లో ఆ కుర్చీలో కూర్చుని ఉండటం చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. సర్కారు పక్షాన నిలబడదలచిన ప్రతివాడూ గిరిగారి జీవితంలోని ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి.

1975లో భారతరత్న బిరుదు వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో గిరిగారు కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఈనాడు నాచారం, ఉప్పల్ వాడల్లో కొన్ని షెడ్లు మూతపడి అపార్టుమెంట్లయ్యాయి, కొన్ని ఆఫీసులయ్యాయి. ఉన్న ఫ్యాక్టరీల్లో పర్మినెంటు కార్మికులు తగ్గి కాంట్రాక్టు మనుషులు పెరిగారు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో ఆరుగురేసి ఉంటున్నారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి, 1947 నాటి వివాదాల చట్టం సహా 29 పాత చట్టాల స్థానం తీసుకున్నాయి. పాత సెక్షన్లు బట్టీ పట్టిన మాబోటివాళ్లం మళ్లీ కొత్త నంబర్లు నేర్చుకోవాలి. నంబర్లు మారినా గేటు బయట నిలబడ్డ మనిషి బాధ మారదు గదా.

ఇప్పుడు మిత్రుల రెండవ ప్రశ్నకు నా జవాబు. ప్రభుత్వ న్యాయవాదికి ప్రభుత్వం కక్షిదారే, కాదనను. ప్రభుత్వం కూడా ఒక యజమానే, దాని దగ్గరా లక్షల మంది పనిచేస్తున్నారు. వాళ్ల కేసు ఫైలు తన బల్ల మీదికి వచ్చినప్పుడు, ఇందులో రాజీకి వీలుందా అని మొదట అడగగల వకీలు ప్రభుత్వానికీ కావాలి, కార్మికుడికీ కావాలి. ఓడిపోయిన తీర్పును అమలు చేయండని తన పక్షానికే చెప్పగలవాడు కావాలి. చెప్పినా వినకపోతే కుర్చీ వదులుకోగలవాడు కావాలి. ఆ అర్హత ఏ బార్ కౌన్సిలూ ఇవ్వదు. నాచారం గేటు దగ్గర షిఫ్టు మారే వేళ కాసేపు నిలబడితే అందులో కొంత వస్తుంది. గిరిగారి జీవితం చదివితే మరికొంత వస్తుంది.

మిత్రులారా! మనలో కొందరం రేపు ప్రభుత్వం పక్షాన, కొందరం కార్మికుల పక్షాన, మరికొందరం యాజమాన్యాల పక్షాన నల్లకోటు వేసుకుంటాం. ఎవరి పక్షాన నిలబడినా, రాజీకి చేతనైనంత ప్రయత్నం చేద్దాం, తీర్పు వస్తే గౌరవిద్దాం. కార్మిక బంధువుకు మనం ఇవ్వగల నివాళి అదే.